రాజలింగు పడవకు హైడ్రోజన్ మోటారు

ఒక పడవ మోటారు చూడటానికి డెబ్బై ఒకటో ఏట ఏలూరు నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్లాలా అని మా పక్కింటావిడ అడిగింది. మోటారు చూడటానికే అయితే వెళ్లేదాన్ని కాదు. ఒక లెక్క సరిచూడమని పిలిచారు. లెక్క సరిచూడమంటే నేను ఎంత దూరమైనా వెళ్తాను.

పిలిచింది గ్రేస్. వాళ్ల నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా ఏలూరులో ఉన్న రోజుల్లో నా దగ్గర రెండేళ్లు ఫిజిక్స్ చదువుకుంది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. గోదావరి మీద మనుషులను దాటించే ఒక పడవకు డీజిలు ఇంజిను తీసేసి హైడ్రోజన్ మోటారు పెట్టవచ్చా, పెడితే అది రోజూ నడిచేదేనా అన్నది ఆమె రెండేళ్ల పని. నివేదిక శనివారం ఇవ్వాలి. "నా లెక్కల మీద నాకే భరోసా లేదు మేడం. మీరొచ్చి తప్పులు పట్టండి" అంది ఫోనులో.

ఫిబ్రవరి 9 సోమవారం బయల్దేరి, 13 శుక్రవారం దాకా అక్కడ ఉన్నాను. అటు వెళ్లని వారి కోసం ఆ ఐదు రోజుల సంగతి రాస్తున్నాను.

కరీంనగర్, సోమవారం

వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని తెలుసు కనుక కండక్టరు రాకముందే ఆధార్ కార్డు తీసి పట్టుకున్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది ఆంధ్రా కార్డు పెద్దమ్మా. గీడ నడువది. టికెట్ తీస్కో" అన్నాడు. మా రాష్ట్రంలోనూ ఆడవాళ్లకు ఉచితమే. ఆ ఉచితం సరిహద్దు దాటదని నాకు తట్టలేదు. నేను లెక్కపెట్టినంతవరకు బస్సులో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు. డబ్బు కట్టింది నేనొక్కదాన్నే.

"మా అందరి టికెట్లూ నువ్వే కొన్నట్టు మొకం పెట్టినవేందమ్మా!" అంది పక్కన కూర్చున్న ఆవిడ. వెంటనే ఒడిలోని పొట్లం విప్పి ఉడకబెట్టిన బొబ్బర్లు, ఉల్లిపాయ ముక్కలతో కలిపినవి, నా చేతిలో పోసింది. వీటిని అక్కడ గుడాలు అంటారు. హుజూరాబాద్ వచ్చేసరికి నాకు టికెట్ బాధ పోయింది.

ఆ రాత్రి గ్రేస్ వాళ్లింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు జొన్నరొట్టె అంటే చక్కెర వ్యాధి వచ్చినవాళ్ల పథ్యం. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఇష్టంగా తింటున్నారు. పులుసును పొయ్యి ఎక్కించకుండా తినడం నాకు మొదట మింగుడుపడలేదు కానీ, రెండో రొట్టెకు నేనే గిన్నె దగ్గరకు లాక్కున్నాను.

భోజనానికి ముందే, ఆ సాయంత్రం, గ్రేస్ కాలేజీలో మోటారు చూపించింది. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఇనుప పెట్టె ఒకటి, పక్కన సిలిండరు, పెట్టె నుంచి కరెంటు మోటారుకు తీగలు. పెట్టెలో హైడ్రోజన్, బయటి గాలి కలిసి కరెంటు పుడుతుంది. మిగిలేది నీళ్లు. పొగ లేదు, మసి లేదు. పెట్టె కింద గాజు గ్లాసు పెట్టి చూపించింది. గంటలో ముప్పావు గ్లాసు నీళ్లు పట్టాయి.

తర్వాత లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది. సారాంశం ఇది. పాత డీజిలు ఇంజిను లీటరుకు రెండున్నర యూనిట్ల పని చేస్తుంది. మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. కిలో హైడ్రోజన్ ఈ పెట్టెలో పదిహేను యూనిట్లు ఇస్తుంది. అంటే ఆరు లీటర్ల డీజిలు చేసే పనికి కిలో హైడ్రోజన్ చాలు. కిలో అంటే తేలిక అనిపిస్తుంది. ఆ కిలోను పట్టి ఉంచడానికి మాత్రం ఒక్కొక్కటి యాభై ఐదు కిలోల సిలిండర్లు రెండు కావాలి.

"పడవకు రోజుకు డీజిలు ఎంత?"

"ఆరు లీటర్లు మేడం. రోజుకు రెండు సిలిండర్లు. ఆదివారం పడవ నడువది. వారానికి పన్నెండు."

"ఆరు అని ఎవరు చెప్పారు?"

"రాజలింగే చెప్పిండు. పడవ ఆయనదే. మూడుసార్లు పోయి అడిగిన, మూడుసార్లూ ఆరే అన్నడు."

బ్యాటరీ పెట్టకూడదా అని అడిగాను. రోజుకు పదిహేను యూనిట్ల బ్యాటరీ అంటే ఆ చిన్న పడవకు బరువెక్కువ, నింపడానికి రాత్రంతా పడుతుంది, అందుకే వదిలేశానంది. లెక్క ప్రకారం ఆ మాట సరైనదే. గుణకారాలన్నీ మళ్లీ చేశాను. ఒక్కచోట కూడా తప్పు దొరకలేదు. ఆరు ఒక్కటే ఎవరూ చేతితో కొలవని అంకె.

కొండగట్టు, మంగళవారం

రేవుకు వెళ్లే దారిలోనే కొండగట్టు. ఆంజనేయస్వామికి మంగళవారం మంచిదని నేను దిగుదామన్నాను. ఆ మంచిదన్న సంగతి జిల్లా మొత్తానికి తెలుసు. వరుసలో గంటా పది నిమిషాలు నిలబడ్డాం. గ్రేస్ వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. అయినా నాతో మెట్లన్నీ ఎక్కి, బయట నా చెప్పులు, సంచి పట్టుకుని కూర్చుంది. నేను వచ్చేసరికి నాకంటే ముందే ప్రసాదం పులిహోర సంపాదించి తింటోంది.

నా కళ్లద్దాలు కోతి ఎత్తుకుపోయింది ఇక్కడే. గోడెక్కి కూర్చుని అద్దాల కాడ ఒకటి నోట్లో పెట్టుకుంది. కొబ్బరికాయల దుకాణం ఆవిడ తాపీగా లేచి, "ఆగవ్వా, పరేషాన్ గాకు. దీనికి గిదొక యాపారం" అని అరటిపండు విసిరింది. కోతి అద్దాలు వదిలి పండు పట్టుకుంది. ఆవిడ అద్దాలు తుడిచి ఇచ్చి పండుకు పది రూపాయలు తీసుకుంది. కోతికీ ఆవిడకీ ఏదో ఒప్పందం ఉందని గ్రేస్ అనుమానం. రుజువు లేదు కనుక నేను ఏమీ అనను.

రేవు

ఊరి పేరు ఎర్రగుండ్ల. బరాజు కట్టాక గోదావరి ఇక్కడ చెరువులా నిలబడింది. అవతలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. వెడల్పు కిలోమీటరుకు కొంచెం తక్కువ. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలంటే గంటన్నర. రాజలింగు పడవలో ఏడు నిమిషాలు.

రాజలింగుకు యాభై ఏళ్లు ఉంటాయి. తలకు తువ్వాలు, చెవి వెనక బీడీ. ఇనుప రేకుల పడవ. వెనక చెక్క దిమ్మ మీద బిగించిన ఐదు హార్స్‌పవర్ డీజిలు ఇంజిను, దానికి పొడుగాటి కడ్డీ, కడ్డీ చివర రెక్కలు. ఆ నీళ్లే చుట్టుపక్కల ఊళ్లకు తాగునీరు కూడా. డీజిలు నీళ్లలో పడుతోందని, వచ్చే వానాకాలం నుంచి డీజిలు పడవలు వద్దని ఊళ్లో తీర్మానించారు. గ్రేస్ మోటారు వస్తే పడవ ఉంటుంది. రాకపోతే లేదు. ఒక షరతు ఉంది. మోటారు తీసుకున్నవారు పాత ఇంజిను కాలేజీకి అప్పగించాలి. అప్పగించాల్సిన రోజు శనివారం.

నన్ను అటు దింపి ఇటు తెచ్చాడు. పది రూపాయలు ఇచ్చాను. వద్దనలేదు గాని నోటును విచిత్రంగా చూశాడు. అక్కడి పద్ధతి వేరట. ఊరివాళ్లు ఎవరూ పడవలో డబ్బులివ్వరు. కోతలయ్యాక కల్లం దగ్గర ఇంటికి ఇన్ని కుంచాలని వడ్లు కొలిచి ఇస్తారు. ఏడాదంతా ఎన్నిసార్లు దాటినా అంతే.

"ఒకడు రోజుకు నాలుగుసార్లు, ఒకడు ఏడాదికి నాలుగుసార్లు దాటితే ఇద్దరికీ ఒకటే కొలతా?" అన్నాను.

"మరి లెక్క వెట్టుకుంట కూసుంటే పడవ ఎవడు నడపాలె టీచరమ్మా?" అన్నాడు రాజలింగు.

ఆ ప్రశ్నను కూడా నా పుస్తకంలో రాసుకున్నాను.

ట్యాంకులో స్కేలు, బుధవారం

బుధవారం క్లాసులున్నాయని గ్రేస్ మంగళవారం పొద్దు ఉండగానే కరీంనగర్ వెళ్లిపోయింది. నేను రాజలింగు ఇంట్లో ఉండిపోయాను. ఆరు లీటర్ల సంగతి చేతితో కొలవనిదే నాకు నిద్ర పట్టేలా లేదు.

పొద్దున ఆరుంపావుకు రాజలింగు ట్యాంకు నిండా డీజిలు పోశాడు. లోతు నా స్కేలుతో కొలిచి రాసుకున్నాను. తర్వాత రోజంతా రేవులో గొడుగు కింద కూర్చున్నాను. పత్తి ఏరడానికి వెళ్లే కూలీలు, బడి పంతులు, పాల క్యాన్లు, రెండు మేకలు, ఒక కొత్త టీవీ. మొత్తం పద్దెనిమిది ట్రిప్పులు. సాయంత్రం ఆరుకు పడవ కట్టేశాక మళ్లీ స్కేలు దించాను. దిగింది రెండు లీటర్ల మేర.

రెండు. ఆరు కాదు. పద్దెనిమిది ట్రిప్పులు, ట్రిప్పుకు ఏడు నిమిషాలు అంటే రెండు గంటల ఆరు నిమిషాలు. ఆ ఇంజిను గంటకు లీటరు తాగుతుంది. రెండు సరిగ్గా సరిపోయింది.

గురువారం పొద్దున ఐదున్నరకు రాజలింగు మళ్లీ ట్యాంకు నింపుతుంటే పక్కనే నిలబడి కొలత డబ్బాలు లెక్కపెట్టాను. ఆరు పట్టాయి. రాత్రంతా పడవ గుంజకు కట్టే ఉంది. నాలుగు లీటర్లు ఎటు పోయాయి? కారిపోయిందేమోనని నీళ్ల మీద చూశాను. నూనె తెట్టు లేదు. ఇంజిను చుట్టూ తిరిగి చూస్తే కింది చట్రానికి తడి నల్లమట్టి, బోల్టు సందులో పచ్చి మొక్కజొన్న ఆకు, ఇక్కడివాళ్ల మాటలో మక్క ఆకు.

ఇంటికి వెళ్లేసరికి రాజలింగు భార్య పోశవ్వ రొట్టెలు కొడుతోంది.

"పోశవ్వా, రాత్రి ఇంజిను ఎక్కడికి వెళ్లింది?"

"యాడికి పోతదవ్వా? గా పడవల్నే ఉన్నది."

"పడవలో ఉన్నదానికి మక్క ఆకు ఎలా అంటుకుంది?"

పోశవ్వ చేయి పిండి మీదే ఆగిపోయింది. "నువ్వేమన్న పోలీసు కొలువు జేసినవా అవ్వా?"

"లేదు. ఫిజిక్స్ చెప్పాను."

"రెండూ ఒక్కతీరే ఉన్నట్టున్నయి" అని పిండి చేతులు కడుక్కుని లేచింది.

శిఖం

నీళ్లు వెనక్కి తగ్గాక తేలే నేలను అక్కడ శిఖం అంటారు. మళ్లీ వానాకాలం నీళ్లు వచ్చేలోపు ఒక పంట తీసుకోవచ్చు. అది నీట మునిగే నేల కనుక కరెంటు స్తంభాలు వేయరు. రాజలింగు వాళ్లు అక్కడ ఎకరన్నరలో మక్క వేశారు. నా తల మించి పెరిగింది, పూత మీద ఉంది. గట్టున నీటి పంపు ఒకటి, దాన్ని తిప్పే ఇంజిను లేకుండా.

రాత్రి ఎనిమిది దాటాక ఇద్దరూ ఇంజినును దిమ్మ మీంచి విప్పి, వెదురు బొంగుకు వేలాడదీసి, చెరో వైపు భుజాన వేసుకుని ఇక్కడికి తెస్తారు. పంపుకు తగిలించి పన్నెండు దాటేదాకా నీళ్లు పారించి, మళ్లీ మోసుకెళ్లి పడవకు బిగిస్తారు. నేను ఎనిమిదింటికే పడుకున్నాను కనుక నాకు తెలియలేదు. గ్రేస్ ఎప్పుడూ పగటిపూట వచ్చి వెళ్లేది కనుక ఆమెకూ తెలియదు.

"గిప్పుడు పది దినాలు నీళ్లు లేకుంటే కంకి పట్టదవ్వా" అంది పోశవ్వ. "ఎల్లుండి ఇంజిన్ ఇచ్చేస్తే చేను పాయె. ఇయ్యకుంటే మోటర్ రాదు, పడవ పాయె. నెల సంది గిదే ఫికరు."

"గ్రేస్‌కు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మోటర్ ఇంకో రేవుకిస్తరు గదా! నువ్వు సుత చెప్పకు. నీ కాల్మొక్త."

నిజంగానే వంగబోయింది. భుజం పట్టుకుని ఆపాను. నేను చెప్పనన్నాను. కానీ నన్ను తప్పులు పట్టడానికే పిలిచారు, ఆరు అన్న అంకె కింద నేను సంతకం పెట్టలేను, ఈ రోజు పొద్దు గూకేలోపు రాజలింగే చెప్పాలి అన్నాను. ఆవిడ మక్క ఆకు ఒకటి తెంపి నిలువునా చీల్చి, "ఆయిన మాట మంచిగనే చెప్తడు. నోరు తెర్వాలె గంతే" అంది.

ఆదిలాబాద్, గురువారం

గ్రేస్ తొమ్మిదింటికి వచ్చింది. రాజలింగు ఆ పూటకు పడవను తమ్ముడికి అప్పగించాడు. సిలిండరు ఎక్కించడం, దించడం నేర్చుకోవాలని ముగ్గురం బయల్దేరాం. నది దాటి, జన్నారం, ఉట్నూరు మీదుగా బస్సు. దారంతా టేకు అడవి. ఆకులు రాలి ఎండలో రాగి రంగులో పడి ఉన్నాయి. ఉట్నూరులో పదిహేను రూపాయలకు పళ్లెం నిండా అటుకుల పోహా, పైన నిమ్మకాయ, పక్కన వేయించిన మిరపకాయ. మా ఇళ్లలో అటుకులు కృష్ణాష్టమికి తప్ప గుర్తురావు. ఇక్కడ పొద్దున్నే ఇదే ఫలహారం. మరాఠీ గాలి అక్కడి నుంచే మొదలవుతుందని గ్రేస్ చెప్పింది. మాకు వడ్డించినామె కూడా తన కూతుర్ని మరాఠీలో కసిరి, మమ్మల్ని తెలుగులో పలకరించింది.

గ్రేస్ నీళ్ల సీసా కొనడానికి వెళ్లినప్పుడు రాజలింగు నా వైపు వంగాడు. "నువ్వు చెప్పినవా టీచరమ్మా?"

"లేదు. నువ్వు చెప్పు."

"చెప్త. జర మోకా దొరకనియ్యి."

ఆదిలాబాద్ చేరేసరికి రెండున్నర. ఊరి బయట నుంచే పత్తి బండ్లు వరుసగా ఉన్నాయి. గాలిలో దూది పింజలు తేలుతున్నాయి. నా నల్ల గొడుగు పావుగంటలో నెరిసిపోయింది. మేం వెళ్లింది పత్తిగింజల నూనె తీసే మిల్లుకు. నూనెను గట్టిపరిచి డాల్డాలా చేయడానికి హైడ్రోజన్ కావాలి. దాన్ని వాళ్లు కరెంటుతో నీళ్లను విడగొట్టి సొంతంగా చేసుకుంటారు. మన వైపు హైడ్రోజన్ అంటే ఏదో రాకెట్ల సంగతి అనుకుంటాం. ఇక్కడ అది ఎన్నో ఏళ్లుగా వంటనూనె సరుకు.

మేనేజరు ఖాదర్ సాబ్ అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం. చాయ్ తెప్పించి, నాకు సాసరులో తనే పోసి ఇచ్చాడు.

"అమ్మా, సాఫ్ మాట చెప్త. నా మిల్లుకు పోను మిగిలేది వారానికి నాలుగు సిలిండర్లు. మంగళవారం, శుక్కురవారం మా లారీ పత్తిగింజల చెక్క ఏస్కొని జగిత్యాల దిక్కు పోతది. రెండు రెండు ఎక్కిస్త. పర్మిట్ ఉన్నది, తిప్పలు లేదు."

"మాకు పన్నెండు కావాలె సాబ్" అంది గ్రేస్.

"పన్నెండిస్తే నేను నూనె బంద్ జేసి పడవ నడుపుకోవాలె బిడ్డా. నాలుగు. ఐదోది అడగకు."

హైదరాబాద్ నుంచి తెప్పించుకునే దారి ఉందా అని వాళ్లిద్దరూ కాసేపు మాట్లాడారు. లేదని తేలింది. గ్రేస్ ఫైలు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. "అయితే గిది నడువదు మేడం. రాసేస్త. మోటరు మంచిదే, గ్యాసు లేదు అని."

నేను రాజలింగు వైపు చూశాను. అతను బల్ల మీంచి లేచి తలకున్న తువ్వాలు తీసేశాడు.

"మేడం, పడవకు రెండే లీటర్లు పడుతది."

గ్రేస్ అర్థంకానట్టు చూసింది. "ఆరు అన్నవు గదా."

"ఆరే పోస్త. రెండు పడవకు, నాలుగు చేనుకు. రాత్రిపూట ఇంజిన్ మోస్కపోయి మక్కకు నీళ్లు పెడ్తం."

"మూడుసార్లు అడిగిన కదా రాజలింగూ!"

"మీరు ఇంజిన్ రోజుకు ఎంత తాగుతదని అడిగిండ్రు మేడం. ఆరు తాగుతది. పడవ ఎంత తాగుతదని అడగలే."

ఖాదర్ సాబ్ నవ్వు ఆపుకోలేక సాసరు కింద పెట్టాడు. "వా! గీయన వకీలు గావల్సినోడు!"

గ్రేస్ నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. కిటికీ దగ్గరకు వెళ్లి అటు తిరిగి నిలబడింది. రెండేళ్లలో ఒక్క సాయంత్రం రేవులో ఉండిపోయి ఉంటే అన్న ఆలోచన నాకే వచ్చింది, ఆమెకు రాకుండా ఉంటుందా? కొద్దిసేపటికి తనే వచ్చి పుస్తకం తెరిచింది. రోజుకు రెండు లీటర్లు, ఆరు రోజులకు పన్నెండు లీటర్లు. ఆరు లీటర్లకు కిలో చొప్పున రెండు కిలోలు. సిలిండరుకు అర కిలో చొప్పున నాలుగు.

"నాలుగు" అంది.

"నాలుగే గదా నేను చెప్పింది!" అన్నాడు ఖాదర్ సాబ్.

రాజలింగు కూర్చోలేదు. "మరి ఇంజిన్ మేడం?"

"ఇంజిను అప్పగించాలన్న షరతు నేనే పెట్టిన" అంది గ్రేస్, అతనికి కాక నాకు చెబుతున్నట్టు. "చేతిల ఉంటే మళ్లా పడవకు పెడ్తడని. కాలేజీ దాన్ని చూసే ఒప్పుకుంది."

అక్కడి నుంచే ప్రిన్సిపాలుకు ఫోను చేసింది. ఏ మాటా దాచలేదు. అవతలి నుంచి వచ్చిన జవాబు కూడా సూటిగానే ఉంది. ఇంజిను రైతు దగ్గర ఉండవచ్చు, అయితే అది మళ్లీ పడవ ఎక్కదనడానికి రుజువు శనివారం నివేదికతో రావాలి. మాట, సంతకం చాలవు.

తిరుగు బస్సులో ఇంద్రవెల్లి దాటాక గ్రేస్‌కు ఇంకో సంగతి చెప్పక తప్పలేదు. "రెండు లీటర్లంటే ఐదు యూనిట్లే. ఇప్పుడు బ్యాటరీ కూడా ఆ పడవలో పడుతుంది. బరువు మూడో వంతు. రాత్రిపూట ఊళ్లో నింపుకోవచ్చు. మిల్లు ఎప్పుడైనా ఆగితే అదే దిక్కు. అదీ రాయాలి."

ఆమె పుస్తకం తెరిచి ఉట్నూరు దాకా ఆ లెక్కే మళ్లీ మళ్లీ వేసింది. ఇరవై ఆరు నిమిషాలు. తర్వాత, "రాస్త మేడం. మొదటి పేజీలనే రాస్త" అంది. పరీక్షలో తొంభై ఆరు వచ్చినప్పుడు కూడా ఆ పిల్లను చూసి నాకు ఇంత ముచ్చట వేయలేదు.

మళ్లీ రేవు, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి మిల్లు లారీ రెండు సిలిండర్లు దించి వెళ్లింది. కాలేజీ వాహనంలో మోటారు వచ్చింది. బిగించడానికి గంట పట్టింది. సిలిండరుకు ఎండ తగులుతుందని రాజలింగు తమ్ముడు ప్రేమగా టార్పాలిను చుట్టి, తాడుతో బిగించి కట్టాడు. గ్రేస్ పరుగెత్తి విప్పించింది. గ్యాసు ఏమాత్రం కారినా పైకి పోయేలా గాలి ఆడాలి. పైన నీడ ఉండాలి గాని చుట్టూ కప్పకూడదు. పడవలో బీడీ మాత్రం ఇక ఎప్పటికీ లేదు. ఈ చివరి షరతుకే రాజలింగు ఎక్కువ బాధపడ్డాడు.

ఇక రుజువు మిగిలింది. ఏం చూపాలన్న దాని మీద గ్రేస్, నేను గట్టున వాదించుకుంటున్నాం. ఫోటో చాలదంటాను నేను. రాజలింగు మా మాటలు విని, ఇంటికి వెళ్లి రంపం తెచ్చాడు. పడవెక్కి, ఇన్నేళ్లూ ఇంజిను కూర్చున్న చెక్క దిమ్మను కోయడం మొదలుపెట్టాడు. మద్దికర్ర, నూనె తాగి నల్లబడింది. రంపం రెండుసార్లు ఇరుక్కుంది.

"ఆలోచించుకున్నావా?" అన్నాను. "రేపు మిల్లు మూతపడితే దీని మీద పెట్టడానికి ఏమీ ఉండదు."

"బ్యాటరీ ఉన్నదంటిరి గదా నిన్న బస్సుల. నేను పండుకోలే, ఇన్న" అన్నాడు, కోత ఆపకుండా.

పదిన్నరకు దిమ్మ ఊడి వచ్చింది. దాన్ని గ్రేస్ చేతుల్లో పెట్టాడు. "గిదే రుజువు. మీ సారుకియ్యి." పన్నెండు కిలోలు ఉంటుంది. ఆమె చీరకు మసి అంటుకుంది. దించలేదు.

పదీ నలభైకి పడవ కదిలింది. రాజలింగు, గ్రేస్, నేను, అవతల పత్తి ఏరడానికి వెళ్లే ఆరుగురు. నీళ్లు రేకుకు తగిలే చప్పుడు, అవతలి ఒడ్డు మీద ఎవరో దగ్గిన చప్పుడు వినిపించాయి. కూలీల్లో ఒకామె, "నడుస్తున్నదా లేక కొట్టుకపోతున్నమా?" అని అడిగింది. నడుస్తున్నామని చెప్పాక కూడా రేకును గట్టిగా పట్టుకునే కూర్చుంది. ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. డీజిలు కంటే ఇరవై సెకన్లు ఎక్కువ. గ్రేస్ రాసుకుంది.

తిరిగి వస్తుంటే నది మధ్యలో ఉండగా మా ఒడ్డు పక్క నుంచి దబదబమని ఇంజిను చప్పుడు. అందరం తలలు తిప్పాం. శిఖం మీద మక్క చేను పక్కన సన్నగా పొగ లేస్తోంది. రాజలింగు మోటారు వేగం తగ్గించి ఆ చప్పుడు విన్నాడు.

"పగటి పూట!" అన్నాడు. మళ్లీ వేగం పెంచాడు.

మధ్యాహ్నం నేను బయల్దేరేముందు చేను దగ్గరకు వెళ్లాను. పోశవ్వ చీర దోపుకుని, పాదాలు మునిగే నీళ్లలో, పారతో మడవ కడుతోంది. ఎండలో కాలువ మొదలు నుంచి చివరి సాలు దాకా నీళ్లు మెరుస్తూ కనిపిస్తున్నాయి. రాత్రిపూట బ్యాటరీ లైటు వెలుగులో తను ఏనాడూ చివరి సాలు చూడలేదని, అక్కడ నీళ్లు అందక పది పన్నెండు మొక్కలు ఎండిపోయాయని చూపించింది. నేను లెక్కపెట్టాను. పదిహేడు.

"గవి పోతె పోనియ్యి" అంది. బురద చేత్తోనే నుదురు తుడుచుకుని నవ్వింది. "నువ్వు పైలంగ పోయి రా అవ్వా. నేను ఎనిమిది గొట్టంగనే పండుకుంట ఇయ్యాల."